పన్నెండు ఫారాలు, ఒక గోడ పట్టిక

నల్లగొండలోని మా డిగ్రీ కళాశాల వార్షిక సంచిక బాధ్యత కొన్నేళ్లుగా నాదే. అట్ట లోపలి పేజీలో సంపాదకుడిగా నా పేరు పడుతుంది కానీ, రచనలు సేకరించేదీ, ఫొటోలు తీసేదీ, ప్రూఫులు దిద్దేదీ పద్నాలుగు మంది విద్యార్థుల బృందం. కిందటేడు మా సంచిక వార్షికోత్సవం నాటికి చేతికి రాలేదు. చివరి సంవత్సరం పిల్లలు పరీక్షలు రాసి, టీసీలు తీసుకొని ఎవరి దారిన వారు వెళ్లిపోయిన తర్వాత ప్రెస్ నుంచి కట్టలు దిగాయి. తమ పేరు అచ్చులో చూసుకుంటామని మూడేళ్లు ఎదురుచూసిన పిల్లలు వాళ్లు. గ్రంథాలయం మూలన సుతిలి తాడు విప్పని ఆ కట్టలు కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది.

వేసవి సెలవుల్లో కూర్చొని, తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించాను. ప్రెస్ వాళ్లను అనడానికి లేదు. మేము మ్యాటర్ ఇవ్వనిదే వాళ్లు ఏం అచ్చు వేస్తారు? 'రచనలు డిసెంబరు 31లోగా అందజేయవలెను' అని నోటీసు బోర్డు మీద కాగితం అంటించి, నా పని అయిపోయిందని నేను అనుకోవడమే అసలు తప్పు. ఒకే ఒక్క తేదీ పెడితే, అది దగ్గరికి వచ్చేదాకా ఎవరికీ కనిపించదు, దగ్గరికి వచ్చాక అందరి మీదా ఒక్కసారే పడుతుంది.

ఈ ఏడాది మొదటి సమావేశంలో నోటీసు సంగతి ఎత్తలేదు. ఒక తెల్ల కాగితాన్ని రెండు మడతలు పెట్టి, అంచులు కోయకుండానే ఒకటి నుంచి ఎనిమిది వరకు పేజీల అంకెలు వేయించి, మళ్లీ విప్పి బల్ల మీద పరిచాను. కాగితానికి ఒకవైపు 1, 4, 5, 8 అంకెలు, రెండోవైపు 2, 3, 6, 7 అంకెలు కనిపించాయి. మా సంచిక క్రౌన్ 1/4 సైజులో, అంటే క్రౌన్ కాగితంలో నాలుగో వంతు సైజులో, 96 పేజీలు; ఇలా రెండు వైపులా అచ్చయ్యే ఒక్కో పెద్ద కాగితాన్నే ఫారం అంటారు, ఫారానికి ఎనిమిది పేజీల చొప్పున పన్నెండు ఫారాలు. అయిదో పేజీ రాయాల్సిన వాళ్లు రాయకపోతే, ఎప్పుడో పూర్తయిన ఒకటో పేజీ కూడా అచ్చు ప్లేటు ఎక్కదని ఆ కాగితం చూశాక పిల్లలకు వేరే చెప్పవలసిన అవసరం రాలేదు. 'మరి నా పేజీ పక్కన ఎవరిది ఉన్నట్టు సార్?' అని ఒక అబ్బాయి అడిగాడు. ఆ రోజు నేను వినాలనుకున్న ప్రశ్న అదే.

తర్వాత తేదీలను వెనక నుంచి లెక్క పెట్టాం. వార్షికోత్సవం మార్చి మొదటి వారంలో. బైండింగుకు, అట్ట లామినేషనుకు ఒక వారం, అచ్చుకు పది రోజులు, చివరి ప్రూఫుకు నాలుగు రోజులు, డీటీపీకి, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చడానికి, మూడు వారాలు పోగా, మా చేతిలో మిగిలే కాలం ఎంతో తేలింది. మొత్తం మ్యాటర్ ఒక్కసారే ఇవ్వకుండా, రెండేసి ఫారాల చొప్పున ఆరు విడతలుగా ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. సమావేశపు గది గోడకు 96 గళ్లతో ఒక పట్టిక అంటించాం. రచన చేతికి అందితే ఆ గడిలో ఎర్ర గీత, టైపు అయితే నీలం గీత, ప్రూఫు దిద్దితే పచ్చ గీత.

అయితే ఆరు తేదీలనూ క్యాలెండరులో గుర్తు పెట్టబోయే ముందు, ఎవరెవరికి ఏ రోజుల్లో ఇంటి పని ఉంటుందో రాయమన్నాను. ఇది నేను చాలా ఏళ్ల కిందటే అడగవలసిన మాట. మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల్లో సగం మంది నవంబరు, డిసెంబరు నెలల్లో పత్తి ఏరడానికి పోతారు. కూలీలు దొరకని రోజుల్లో ఇంట్లో చదువుకునే పిల్ల చేతులు కూడా చేనుకు కావాలి. పత్తి కాయల కొసలకు గీసుకుపోయిన వేళ్లతో ఆదివారం పూట వ్యాసం రాసుకొని రమ్మనడం ఎంత అన్యాయమో ఆ క్యాలెండరు చూశాక గాని నాకు బోధపడలేదు. ఆ రెండు నెలల విడతల్లో ఊళ్లోనే ఉండే పిల్లల పేజీలు పెట్టి, చేలకు వెళ్లే పిల్లలవి కొన్ని సెప్టెంబరుకు, కొన్ని సంక్రాంతి తర్వాతకు మార్చాం. ఉర్దూ విభాగం పిల్లలకు రంజాన్ ఈసారి ఫిబ్రవరిలోనే మొదలవుతున్నందున వాళ్ల ఫారాలను జనవరికే ముగించాం.

ఇంత చేసినా 37వ పేజీ గడి ఖాళీగానే ఉండిపోయింది. అది బీఏ రెండో సంవత్సరం అమ్మాయిది. వాళ్ల ఊళ్లో కృష్ణా నీళ్లు నల్లాల్లో రాకముందు, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన నాయనమ్మ గురించి రాస్తానని తనే అడిగి తీసుకున్న పేజీ. గడువు దాటి పది రోజులైంది. నేను ఎదురైతే పక్క వరండాలోకి తిరిగిపోయేది. గట్టిగా అడగాలనే అనుకున్నాను. మా విద్యార్థి సంపాదకురాలు నన్ను ఆగమని, తానే వెళ్లింది. 'ఎప్పుడు ఇస్తావు' అని కాకుండా 'ఎంతవరకు వచ్చింది, చూపించు' అని అడిగింది. ఆ అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసింది. అందులో నాలుగు పేజీలు నిండుగా రాసి ఉన్నాయి.

'సార్, మా నాయనమ్మ మాటలన్నీ మా ఊరి భాషల ఉన్నయి. పుస్తకాల భాషలకు మార్వటానికి నాకు వస్తలేదు. అందుకే దాసిన,' అంది తల వంచుకొని.

'మార్చకు బిడ్డా. ఆమె ఎట్ల చెప్పిందో అట్లనే ఉంచు,' అన్నాను.

మర్నాడు పొద్దున 37వ గడిలో ఎర్ర గీత పడింది. పది రోజులు ఆ పేజీని ఆపింది పత్తి కాదు, బద్ధకం అంతకంటే కాదు. తన ఇంటి మాట అచ్చుకు పనికిరాదన్న భయం ఆపింది. ఆ వారం తరగతిలో సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి చెప్పాను. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పుట్టిన ఆ మనిషి 354 మంది కవుల పద్యాలను ఒకచోట చేర్చి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1922లో, మన నల్లగొండ నుంచే షబ్నవీసు వేంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. ఈ ఊళ్లో తెలుగు అచ్చు కోసం పాటుపడినవాళ్లు వందేళ్ల కిందటే ఉన్నారని చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తి విన్నది. ఆ రోజు నుంచి పట్టికలో నాలుగో గుర్తు ఒకటి చేర్చాం: గడి మూలన పెన్సిలుతో ఒక చుక్క. చుక్క పెట్టారంటే పని ఆగిందని అర్థం. ఎందుకు ఆగిందని ఎవరూ నిలదీయకూడదు, తీరిక ఉన్నవాళ్లు వెళ్లి పక్కన కూర్చోవాలి. ఏడాది మొత్తం మీద ఇరవైకి పైగా చుక్కలు పడ్డాయి. ఒక్క చుక్క కూడా విడత తేదీ దాటి ఉండలేదు.

ఉర్దూ విభాగం విషయం కొంచెం వేరు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది కాబట్టి, ఆ విభాగం సంచిక వెనక అట్ట వైపు నుంచి మొదలై లోపలికి వస్తుంది. ముందు నుంచి తెలుగు, హిందీ, ఇంగ్లీషు పేజీలు, వెనక నుంచి ఉర్దూ పేజీలు నడిచి ఒకచోట కలుసుకుంటాయి. ఒకరు పేజీ పెంచితే ఎదుటివారు తగ్గించుకోవాలి. మునుపు ఈ లెక్క చివరి వారంలో తేల్చేవాళ్లం, మాటా మాటా పెరిగేది. ఈసారి ఆగస్టులోనే రెండు విభాగాల పిల్లలు పట్టిక ముందు నిలబడి, కలిసే గడి దగ్గర ఇద్దరూ సంతకాలు చేశారు.

రంగుల ఫొటోలన్నీ ఆర్టు పేపరు మీద ఒకే ఫారంలో వచ్చేలా పెట్టడం వల్ల ఖర్చు తగ్గింది; ఆ ఫారం అన్నిటికంటే ముందు ఇవ్వడం వల్ల ఒక గండం గడిచింది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే నీడ రోజంతా చెదరకుండా నిలిచే వింతను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసి పక్కపక్కన వేయాలని మా ఫొటోల బృందం తలపెట్టింది. తీసిన ఫొటోలను మామూలుగా వాట్సాప్‌లో పంపి, ఫోనులో చోటు చాలక అసలువి తీసేశారు. డీటీపీ చేసే ఆయన తెరమీద పెద్దవి చేసి చూపిస్తే, నీడ అంచు మసక మసకగా చెదిరిపోయింది. ఇంకా వారం వ్యవధి ఉంది కనుక, మరుసటి శనివారం మళ్లీ పానగల్ వెళ్లి, పొద్దుగూకే దాకా అక్కడే ఉండి తీసుకొచ్చారు. ఈసారి ఫొటో నాణ్యత తగ్గకుండా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపారు.

ప్రూఫుల గురించి ఒక్క మాట. పిల్లలు ఫోనులో యూనికోడ్‌లో కొట్టిన మ్యాటర్‌ను డీటీపీలో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు చెదురుతాయి. ముందు దిద్దింది చాలదని, మార్చాక ఇంకోసారి చదవాలని నియమం పెట్టుకున్నాం. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద చూసుకునేవారు. నాయనమ్మ వ్యాసం మాత్రం రాసిన అమ్మాయే పైకి చదివింది. 'మార్వటానికి' అన్న మాటను 'మార్చటానికి' అని ఎవరో మంచి మనసుతోనే దిద్దితే, పట్టుబట్టి మళ్లీ మార్పించింది.

వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు ఆటోలో కట్టలు వచ్చాయి. చివరి సంవత్సరం పిల్లలు తాళ్లు విప్పి, ముందుగా తమ పేజీ అంకె వెతుక్కున్నారు. పాత పట్టికను ఇంకా గోడ మీది నుంచి తీయలేదు. దాని పక్కనే వచ్చే ఏటి పట్టికకు ఆ అమ్మాయి స్కేలు పెట్టి గీతలు గీస్తోంది. చేతిలో క్యాలెండరు ఉంది. కొత్త బృందంలో ఎవరి చేను ఎప్పుడు ఏరుతారో ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటోంది.