సఖీర్ ఎడారిలో ఊగిపోయిన వెండి కారు

బహ్రెయిన్‌లో రేసుల కాలం వచ్చిందంటే సఖీర్ రేస్ ట్రాక్ చుట్టూ పని ముమ్మరమవుతుంది. మనామాకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఎడారి నడుమ కట్టిన ట్రాక్ అది. 2004లో మొదటి ఫార్ములా వన్ కార్ల రేసు జరిగింది. కార్లు, డ్రైవర్లు, ఇంజనీర్లు యూరప్ నుంచి దిగుతారు. టెంట్లు వేసేది, కేబుళ్లు లాగేది, గిన్నెలు కడిగేది, బస్సులు నడిపేది మాత్రం మనవాళ్లు, మలయాళీలు, నేపాలీలు, బంగ్లాదేశీలు. మనవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లున్నారు, రాయచోటి, కోనసీమ వైపు వాళ్లూ ఉన్నారు. నాది ఏసీ పని. టీమ్‌లు దిగే భవనాల్లో ఏసీలు ఆగకుండా చూసుకునే కాంట్రాక్టు మా కంపెనీకి రావడంతో, 2022 మార్చి 10 నుంచి 12 వరకు జరిగిన టెస్టింగ్‌ను దగ్గర్నుంచి చూసే అవకాశం దొరికింది.

రేసు చూసినవాళ్లు చాలామందే ఉంటారు. టెస్టింగ్ సంగతి వేరు. అందులో కప్పు లేదు, పాయింట్లు లేవు. కొత్త కారును పొద్దున్నుంచి రాత్రి దాకా తిప్పి, ఏది పనిచేస్తోందో ఏది చేయట్లేదో రాసుకోవడమే పని. ఆ ఏడాది సీజన్ మొదలయ్యేలోపు ఒక్కో టీమ్‌కు మొత్తం ఆరు రోజులే ఇచ్చారు. బార్సిలోనాలో మూడు, సఖీర్‌లో మూడు. తిప్పేది ఒక్క కారే, ఇద్దరు డ్రైవర్లు పూటలు పంచుకోవాలి. పైగా ఆ సంవత్సరం నిబంధనలన్నీ మారాయి. కొత్త కారు, కొత్త ఫ్లోర్ (కారు అడుగు భాగం), పద్దెనిమిది అంగుళాల కొత్త చక్రాలు. అందరికీ టెన్షనే.

అందరి కళ్లూ మెర్సిడెస్ మీద. 2014 నుంచి 2021 వరకు వరసగా ఎనిమిదిసార్లు టీమ్ టైటిల్ కొట్టిన జట్టు అది. ఫార్ములా వన్‌లో అంతకుముందు ఎవరికీ సాధ్యం కాని పని. బార్సిలోనాలో చివరి రోజు వాళ్ల డ్రైవర్ హామిల్టన్‌దే అందరికంటే మంచి టైమ్. అక్కడి నుంచి సఖీర్ వచ్చేసరికి కారు రూపమే మార్చేశారు. పక్కల ఉబ్బెత్తుగా ఉండాల్సిన భాగాలు, సైడ్‌పాడ్‌లు, దాదాపు మాయం. గ్యారేజీల వెనక టీమ్‌లు దిగే చోటు, ప్యాడాక్‌లో, పాస్ మెడలో వేసుకున్న ప్రతివాడూ ఆ గ్యారేజీ ముందు ఒక్క క్షణం ఆగి చూసి వెళ్లాడు.

మొదటి రోజు గాలిదుమారం లేచింది. ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోతుంటే టెర్రస్ మీది యూనిట్ల దగ్గరికి వెళ్లాను. అక్కడి నుంచి మెయిన్ స్ట్రెయిట్ కనిపిస్తుంది. ఆ వెండి కారు చివరి మలుపు దాటి స్ట్రెయిట్ మీదికి వచ్చినప్పుడు బాగానే ఉంది. వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకీ కిందకీ ఊగడం మొదలైంది. నా ఎదురుగా దాటే సమయానికి కాక్‌పిట్‌లో డ్రైవర్ హెల్మెట్ టకటకా ఊగుతోంది. అడుగు నేలకు తగిలి నిప్పురవ్వలు లేచాయి. ఒకటో మలుపు దగ్గర బ్రేకు పడగానే అంతా సద్దుమణిగింది. తర్వాతి ల్యాపులోనూ అదే వరస. ఫెరారీ కూడా ఊగింది, ఇంకా కొన్ని కార్లూ ఊగాయి. దీన్ని చూస్తే మాత్రం లోపల ఉన్న మనిషి వెన్నుపూస ఏమవుతుందో అని భయం వేసింది.

పెద్ద భవనాల ఏసీలకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషన్ల మీద పనిచేసినవాళ్లకు ఆ ఊపు చూడగానే సర్జింగ్ గుర్తొస్తుంది. సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో గ్యాస్ ప్రవాహం ఒక హద్దు కంటే తగ్గితే లోపల తిరిగే చక్రం, ఇంపెల్లర్, దాన్ని ముందుకు నెట్టలేదు. గ్యాస్ వెనక్కి తన్నుతుంది, ప్రెషర్ పడిపోతుంది, మళ్లీ అందుకుంటుంది, మళ్లీ తన్నుతుంది. సెకన్ల వ్యవధిలో మిషన్ మొత్తం వణికిపోతుంది. ఆ కారులో జరిగిందీ ఇలాంటిదే. కొత్త నిబంధనల ప్రకారం కారును నేలకు అదిమిపట్టే బలం ఎక్కువగా అడుగున ఉన్న సొరంగాల్లోంచి రావాలి. వాటి గుండా గాలి వేగంగా పోతే కింద ప్రెషర్ తగ్గి కారు నేలకు అతుక్కుంటుంది. నేలకు దగ్గరయ్యేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. మరీ దగ్గరైతే గాలి పోవడానికి దారి చాలదు, లాగుడు తెగిపోతుంది, కారు పైకి లేస్తుంది. లేవగానే దారి తెరుచుకుని మళ్లీ కిందికి లాగుతుంది. దీన్నే పార్పాయిజింగ్ అంటారు. కారును కాస్త ఎత్తు పెంచితే ఊపు తగ్గుతుంది, దాంతోపాటు వేగమూ పోతుంది. మెర్సిడెస్ ఇరుక్కున్నది అక్కడే. వాళ్ల డిజైన్ మొత్తం కారును నేలకు బాగా దగ్గరగా నడపడం మీదే ఆధారపడింది.

అంత పెద్ద ఫ్యాక్టరీలో ఇది ముందే తెలియలేదా అని మా రూములో అందరూ అడిగారు. తెలియకపోవడానికి కారణం ఉంది. గాలి వేగంగా వదిలి కారు నమూనాను పరీక్షించే విండ్ టన్నెల్‌లో పెట్టే నమూనా అసలు కారులో 60 శాతానికి మించకూడదు, గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటకూడదు. ఊపు మొదలయ్యేదేమో అంతకంటే చాలా ఎక్కువ వేగంలో, నిజమైన స్ప్రింగుల మీద, నిజమైన రోడ్డు మీద. దానికితోడు కిందటేడు గెలిచిన జట్టుకు ఆ టన్నెల్ సమయం కూడా అందరికంటే తక్కువ ఇస్తారు. మొదటి స్థానానికి నిర్ణయించిన సమయంలో 70 శాతం, వెనకబడేకొద్దీ కొంచెం కొంచెం ఎక్కువ. ఆ నిబంధన నాకు న్యాయంగానే తోస్తుంది. ఉన్నవాడికి కాస్త తగ్గించి లేనివాడికి ఇచ్చే పద్ధతి ఇంత డబ్బున్న ఆటలో ఉండటం మెచ్చుకోదగ్గ విషయం.

సాయంత్రం క్యాంపుకు వచ్చాక నేను చూసింది చెబితే ఎవరూ నమ్మలేదు. "నాటకాలన్నా, నిరుడు గిట్లనే చేసిండ్రు గదా," అన్నాడు సిరిసిల్ల తమ్ముడు. వాడి మాటలోనూ నిజం ఉంది. 2021 మార్చిలో ఇదే ట్రాక్ మీద టెస్టింగ్‌లో మెర్సిడెస్‌కు మొదటి రోజే గేర్‌బాక్స్ ఇబ్బంది, రెండో రోజు హామిల్టన్ తిరిగిపోయి కంకర్లో దిగబడ్డాడు. పనయిపోయిందని అందరూ అనుకున్నారు. మార్చి 28న రేసులో రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను సెకను కూడా తేడా లేకుండా ఆపి అదే హామిల్టన్ గెలిచాడు. అందుకే 2022లో, ప్రస్తుతానికి మేం గెలుపు కోసం పోటీపడే స్థితిలో లేమని హామిల్టన్ విలేకరులతో చెప్పినా జనం నవ్వి ఊరుకున్నారు. చివరి రోజు వెర్‌స్టాపెన్ అందరికంటే వేగంగా తిరిగాక కూడా మా రాయచోటి అన్న, "వాళ్లు దాచి పెట్టుకోనుండారు, రేసు రోజు చూడు," అనే అన్నాడు.

నాకు మాత్రం అది నాటకంలా అనిపించలేదు. రెండో రోజు గ్యారేజీల వెనక సందులోంచి వెళ్తుంటే కారు స్టాండ్ల మీద ఉండగా చూశాను. ఇద్దరు మెకానిక్‌లు ఫ్లోర్ అంచు మీద అరచేతులు ఆనించి అదిమి చూస్తున్నారు. ఇంకొకతను మోకాళ్ల మీద కూర్చుని, ఆ అంచు వంగకుండా పట్టి ఉంచే సన్నటి కడ్డీని బిగిస్తున్నాడు. టాబ్లెట్ పట్టుకున్న ఇంజనీరు ఆ కింద కూర్చున్నవాడినే ఏదో అడిగి, అతను చెప్పింది రాసుకున్నాడు. ఎవరూ ఎవరి మీదా అరవలేదు. నేను అక్కడ నిలబడిపోయింది ఆ రాసుకోవడం చూసే.

ఎందుకంటే ట్రయల్ రన్ అంటే ఏమిటో నాకు వేరేగా తెలుసు. వెనకటికి ఇంకో కంపెనీలో ఉన్నప్పుడు ఒక పెద్ద భవనంలో చిల్లర్ కమిషనింగ్ చేస్తున్నాం, అంటే కొత్త మిషన్‌ను మొదటిసారి నడిపి పరీక్షిస్తున్నాం. రాత్రి డ్యూటీలో ఒక హెల్పర్ కుర్రాడు, ఇల్లు అమ్మి ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చినవాడు, మిషన్ వణుకుతోందని గమనించి లాగ్ షీట్‌లో తనకొచ్చిన ఇంగ్లిష్‌లో వైబ్రేషన్ ఎక్కువ అని, టైముతో సహా రాశాడు. తెల్లారి సూపర్‌వైజర్ ఆ కాగితం చించేసి, నార్మల్ అని కొత్తది రాయించాడు. భవనం అప్పగించాల్సిన హ్యాండోవర్ తేదీ దగ్గర పడింది మరి. కొన్నాళ్లకు బేరింగ్ పోయింది. ఆ రాత్రి డ్యూటీ ఎవరిదని వెతికి, ఆ కుర్రాడి జీతంలో కోత పెట్టారు. మేం నలుగురం ఆఫీసుకు వెళ్లి వాదించాం. రాసిన కాగితం చూపించమన్నారు. చించేసిన కాగితాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? కాంట్రాక్టు అయిపోగానే వాడు ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

మార్చి 20న రేసు. మెర్సిడెస్‌వాళ్లు దాచుకున్నదేమీ లేదని క్వాలిఫయింగ్‌లోనే, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగులోనే, తేలిపోయింది. హామిల్టన్ అయిదో స్థానం, వాళ్ల ఇంకో డ్రైవర్ రసెల్ తొమ్మిది. రేసు చివర్లో రెండు రెడ్‌బుల్ కార్లూ ఆగిపోవడంతో మూడు, నాలుగు స్థానాలు దక్కాయి. ఫెరారీలు మొదటి రెండూ తీసుకున్నాయి. వారం తర్వాత సౌదీలో హామిల్టన్ క్వాలిఫయింగ్ మొదటి దశలోనే బయటికి వచ్చేశాడు. జూన్‌లో బాకూలో రేసు అయ్యాక నడుం పట్టుకుని కారులోంచి దిగిన దృశ్యం టీవీలో అందరూ చూశారు.

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది ఏప్రిల్‌లో ఇమోలా రేసు. హామిల్టన్ పదమూడో స్థానంలో వచ్చాడు. రేసు ముగియగానే టీమ్ పెద్ద టోటో వోల్ఫ్ రేడియోలో అతనికి క్షమాపణ చెప్పాడు. నీకు నడపడానికి వీల్లేని కారు ఇచ్చాం అని, ప్రపంచమంతా వింటుండగా. డ్రైవర్ కోట్లు తీసుకునేవాడే కావచ్చు, ఏడుసార్లు ఛాంపియనే కావచ్చు. అయినా లోపం మిషన్‌లో ఉంది, నీలో లేదు అని యజమాని నోటితో వినడం పని చేసే ఏ మనిషికైనా ఎంత పెద్ద మాటో గల్ఫ్‌లో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు రూములో ఆ మాటల అర్థం అందరికీ తెలుగులో చెప్పాను. ఆ కుర్రాడి సంగతి తెలిసిన ఒకరిద్దరు నా ముఖం వైపు చూశారు.

ఆ సీజన్‌లో మెర్సిడెస్‌కు దక్కింది ఒక్కటే గెలుపు. నవంబర్ 13న బ్రెజిల్‌లో రసెల్ మొదట, హామిల్టన్ రెండో స్థానంలో వచ్చారు. మా దగ్గర రాత్రి తొమ్మిదికి మొదలైన రేసు, పొద్దున్నే డ్యూటీ ఉన్నా చివరి దాకా చూశాం. టీమ్‌ల పట్టికలో మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. హామిల్టన్ జీవితంలో ఒక్క గెలుపూ లేకుండా ముగిసిన మొదటి సీజన్ అదే. 2023లో కూడా దాదాపు అదే ఆలోచనతో కారు తెచ్చి, సఖీర్‌లో క్వాలిఫయింగ్ కాగానే ఈ దారిలో గెలవలేమని వోల్ఫే బయటికి చెప్పాడు. మే నెలలో మొనాకో రేసుకు సైడ్‌పాడ్‌లు మార్చిన కారు వచ్చింది.

మా పనిలో ట్రయల్ లాగ్ ఇంకా కాగితం మీదే నడుస్తోంది. ప్రతి షీట్‌కూ కార్బన్ కాపీ ఉండాలని, ఆ కాపీ రాసినవాడి దగ్గరే ఉండాలని ఇప్పుడున్న కంపెనీలో అడుగుతూనే ఉన్నాం. కాపీ సరే, అది ఆఫీసులో ఉంటుందంటున్నారు. హెల్పర్లకు మాత్రం ఒకటే చెబుతున్నాను, సంతకం పెట్టేముందు షీట్‌ను టైము కనపడేలా ఫోన్‌లో ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేసేయమని.