నాలుగో తరగతికి ఏ పాఠం పనికొస్తుంది?

వంద మాటలు పిల్లాడితో పైకి చదివించండి. తప్పులు పది దాటితే ఆ పాఠం ఇప్పటికి పక్కన పెట్టండి. అయిదు లోపైతే వాడే చదువుకుంటాడు. తరగతికి కావాల్సింది ఆ మధ్యలోదే. అయితే తెలుగులో మాటల లెక్క ఒక్కటే చాలదు. ‘వెళ్ళాల్సివచ్చిందన్నాడు’ ఒకటే మాట, పిల్లాడు మాత్రం మూడుచోట్ల ఆగుతాడు. ‘లక్ష్మి’లాంటి మూడు హల్లుల ఒత్తులు విడిగా లెక్కపెట్టుకోవాలి.

విశాఖ పిల్లలకు సముద్రం తెలుసు కదా అని 2014 హుద్‌హుద్ తుపాను వార్త ఇచ్చేస్తుంటారు. విషయం తెలిసిందే, తిరగబడేది భాష: ‘తుపాను తీరం దాటింది’ అంటే గండం గడిచి సముద్రంలోకి పోయిందనుకుంటారు. నిజానికి అది అప్పుడే నేల మీదికొచ్చింది! ఇలాంటివి ఒకటి రెండైతే ముందే బోర్డు మీద విప్పి చెప్పొచ్చు. పేరాకు నాలుగుంటే వార్త మార్చేయండి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట మీద పది వాక్యాలు మీరే రాసుకున్నా సరే.