పన్ను తీసిన గుంతకు కాపలా

గత నెల నల్గొండలో కుడి వైపు కింది దవడ జ్ఞానదంతాన్ని చిగురు కోసి తీయించుకున్నాను. గాజుగుడ్డను ముప్పావుగంట కొరికి పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. ఆ తరువాత 24 గంటలు ఉమ్మవద్దని, పుక్కిలించవద్దని చెప్పిన మాటనే సరిగా చెవిన పెట్టలేదు.

పన్ను ఊడిన గుంతలో గడ్డకట్టే రక్తమే లోపలి ఎముకకు, నరాల కొసలకు మూత. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, బీడీ దమ్ము లాగినా ఆ మూత కదిలిపోయే ప్రమాదముంది. నోట్లో రక్తపు రుచి భరించలేక ఆ రాత్రంతా నేను ఉమ్ముతూనే ఉన్నాను. మూడో రోజుకు తగ్గవలసిన నొప్పి చెవి దాకా పాకింది. లవంగం నూరి గుంతలో కూరుతానని అమ్మ పట్టుబట్టినా ఒప్పుకోక మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తే, గుంతను సెలైన్‌తో కడిగి, లవంగ నూనె వాసన వచ్చే మందుగుడ్డనే అందులో పెట్టారు! అమ్మ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. అయితే శుభ్రం చేసిన గుంతలో కొలత ప్రకారం పెట్టే మందు వేరు, ఇంట్లో నూరి కూరే పొడి వేరు. ఆ పొడి పుండును మంట పెట్టి చీము పట్టించగలదు.

వాపు రెండు మూడు రోజుల వరకు పెరగడం మామూలే కనుక మొదటి రోజు చెంప మీద బయటి నుంచి పావుగంట చొప్పున ఐసు పెట్టుకోవడం మంచిది. మరునాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కరిగించి నోట్లో నింపుకుని, తల అటూ ఇటూ వంచి, నీటిని దానంతటదే జారిపోనివ్వాలి. అమ్మ "దొడ్డు ఉప్పేసి మంచిగ పుక్కిలియ్యి బిడ్డా" అంటుంది కానీ ఆ పుక్కిలింతే వద్దు. మాత్రలు రాసినన్ని రోజులూ వాడాలి. వాపు మూడు రోజుల తరువాతా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మింగడమో ఊపిరి తీయడమో కష్టమైతే గంట కూడా ఆగకూడదు.

బోరు నీళ్ల ఫ్లోరైడుతో గారపట్టిన పళ్లు మావి. ఆ మరకలు పోవాలని వేపపుల్లతో బలంగా తోమడం చిన్ననాటి అలవాటు. చిన్నప్పుడే పింగాణీ పొరలో చేరిన మరకలు ఎంత తోమినా పోవు, కుట్లు మాత్రం తెగుతాయి. అందుకే మిగతా పళ్లను మెత్తని బ్రష్షుతో తోముకున్నాను.

తిండికి చల్లార్చిన అంబలి, పెరుగన్నం సరిపోయాయి. ఏడో రోజు కుట్లు విప్పారు. గుంత పూడడానికి వారాలు పడుతుంది కనుక జొన్న రొట్టెను ఇప్పటికీ ఎడమ వైపే నములుతున్నాను.