బట్టీ పట్టిన ప్రార్థనే నన్ను నిలబెట్టింది

హిమోగ్లోబిన్ మళ్ళీ పదకొండు దాటింది. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. నా ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అర్ధరాత్రి లేచి కూర్చుని టెన్షన్ పడటం మా ఆయనకి మాత్రం ఇంకా పోలేదు. ఇక రాయొచ్చు అనిపించింది. నన్ను పడగొట్టిన మలేరియా గురించి కొంత, ప్రార్థన గురించి ఎక్కువ రాస్తాను. ఒక మనిషి అన్న మాట గురించి కూడా రాయాలి. రాయకపోతే అది నాలోనే ఉండిపోతుంది.

మాది గుణుపురం. ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డు. తాతల ఊరు పాతపట్నం పక్కన. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. నేను ఇంట్లో బట్టలు కుడతాను, ఆదివారం తెలుగు క్రైస్తవ సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. మా కొండ జిల్లాలకు మలేరియా కొత్త కాదు. 2017 నుంచి ‘దమన్’ అనే కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్తలు కొండ ఊళ్ళకు వెళ్ళి, జ్వరం లేనివాళ్ళకు కూడా రక్తం పరీక్ష చేసి మందులిస్తున్నారు, దోమతెరలు పంచుతున్నారు. చాలా తగ్గింది, నిజమే. తగ్గిందన్న ధీమా మా బజారులోని ప్రైవేటు డాక్టరు గారికి బాగా ఎక్కింది.

సెప్టెంబరులో చలి, జ్వరం, వాంతులు. ఆ డాక్టరు గారు నాడి చూసి “సీజన్ కదా, వైరల్” అన్నారు. సెలైన్ ఎక్కించారు, మాత్రలు రాశారు, పంపేశారు. మర్నాడు వెళ్తే ఇంకో సెలైన్. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897లో. ఇన్నేళ్ళ తర్వాత, ఈ జిల్లాలో కూర్చుని, వేలి కొన మీద ఒక చుక్క రక్తం తీసి చూడటానికి ఆయనకు తీరిక లేకపోయింది. నేను మా అమ్మాయిని పట్టుకుని “నువ్వెవరి పిల్లవమ్మా?” అని అడిగానట. ఆ మాటకి అది ఏడుస్తూ మా ఆశా కార్యకర్త దీదీ ఇంటికి పరుగెత్తింది. దీదీ మలేరియా పరీక్ష కిట్‌తో వచ్చి చూస్తే పీఎఫ్ పాజిటివ్. పీఎఫ్ అంటే ఫాల్సిపారం రకం, మా వాళ్ళు బ్రెయిన్ మలేరియా అని భయపడేది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏడుస్తూనే అంబులెన్సుకి ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. దాని కాళ్ళకి మొక్కాలనిపిస్తుంది నాకు.

బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ 1954లో ఆ కొండల మధ్య మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మలేరియాకిచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, గ్లూకోజు, యూరిన్ పైపు, గంట గంటకీ పేరడిగి చూడటం, ఇవన్నీ ఎవరికైనా ఒకేలా ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. అక్కడి సిస్టర్లు నన్ను “మౌసీ”, అంటే పిన్నీ, అని పిలిచేవారు. ఆ పిలుపు వినబడితే కళ్ళు తెరవాలనిపించేది.

రెండో రోజు సాయంత్రం కాస్త తెలివి వచ్చింది. అప్పుడే ఒక ప్రసంగీకుడు గారు వచ్చారు. మా సంఘం ప్రార్థన కూడికలకు ఏటా వస్తారు, మా ఇంట్లోనే భోంచేస్తారు. అటుగా వెళ్తూ ఆగారట. నేను పెదవులు కదుపుతూ, యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకోవడం చూశారు. తల మీద చెయ్యి పెట్టి, “చెల్లెమ్మా, చిన్నపిల్లల్లా బట్టీ పట్టింది అప్పజెబితే దేవుడు ఆలకించడు. వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువే చెప్పాడు. నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే ఈ తెగులు. హృదయంలోంచి నీ సొంత మాటలతో ఒప్పుకో” అన్నారు. మా అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. ఆయన గట్టిగా ప్రార్థన చేసి, ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రాత్రి వచ్చింది.

ఎంత నిజమో, ఎంత జ్వరమో నాకు ఇప్పటికీ తెలియదు. గోడ దగ్గరికి వచ్చి దూరం జరుగుతోంది. చేతులు చెమటతో తడిసిపోయి వణుకుతున్నాయి. పక్క మంచం మీద కోంధు తెగ గిరిజన పిల్ల ఒకతె, ఆరేడేళ్ళుంటాయేమో, అదే జ్వరం. దాని తల దగ్గర వాళ్ళ అవ్వ కింద కూర్చుని ఏదో మెల్లగా అంటోంది. ఆమె మాట నాకు అర్థం కాదు. చచ్చిపోతున్నాను అని స్పష్టంగా అనిపించింది. ప్రసంగీకుడు గారు చెప్పినట్టే నా సొంత మాటలతో ప్రార్థించాలని చూశాను. స్త్రీల కూడికలో అందరికంటే ఎక్కువసేపు ప్రార్థన చేసేది నేనే. ఆ రాత్రి “యేసయ్యా” అన్నాక రెండో మాట దొరకలేదు. పాపాలు గుర్తు తెచ్చుకుందామన్నా నా పేరే గుర్తుకు రావడం కష్టంగా ఉంది.

అప్పుడు నాన్నమ్మ గొంతు వినబడింది. “పరలోకమందున్న మా తండ్రీ.”

నాన్నమ్మకు చదువు రాదు. పల్లెకు వచ్చి బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీ’ నోటి వెంట విని ఆ ప్రార్థన నేర్చుకుంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించే ముందు చెప్పేది. అందరిలా గడగడా చెప్పేది కాదు, ఒక్కో మాట దగ్గర ఆగేది. “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని, ఆగి, “సోళ్ళు అయిపోనాయి తండ్రీ, రేపటి అంబలికి గింజ లేదు” అని ఇంటి సంగతి చెప్పేది. “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము” దగ్గర చాలాసేపు ఆగేది. పొలం గట్టు దగ్గర మరిదితో గొడవ ఉండేది. “మా మరిదిని కూడా” అని గొణిగి, నిట్టూర్చి, ముందుకు వెళ్ళేది. ఆ ప్రార్థన ఆమె నోట ఎప్పుడూ పాతబడలేదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. తండ్రీ అన్నాను. ఆగాను. భయంగా ఉంది నాన్నా అన్నాను. తండ్రీ తర్వాత నాన్నా అని నా నోటికి ఎప్పుడూ రాలేదు, ఆ రాత్రి వచ్చింది. నీ నామము పరిశుద్ధపరచబడును గాక. నీ రాజ్యము వచ్చును గాక. ఇక్కడిదాకా వచ్చాను. “నీ చిత్తము” దగ్గర ఆగిపోయాను. ఆ మాట అంటే చావుకు సరే అన్నట్టవుతుందని భయం. మా అమ్మాయి ప్లస్‌టూ ఇంకా పూర్తి కాలేదు. అనలేను, నాన్నా. నన్ను ఉంచు, ముందు నన్ను ఉంచు, తర్వాత అంటాను. ఇలా ఎంతసేపు బతిమాలానో. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా ముందు ఈ శ్రమల గిన్నె తీసెయ్యమనే అడిగాడు కదా అని గుర్తొచ్చింది. చెమట పట్టేంతగా అడిగాడు. తర్వాతే నీ చిత్తప్రకారమే కానిమ్మన్నాడు. అది గుర్తొచ్చాక నేనూ అనగలిగాను. ధైర్యంతో అనలేదు. ఆయన కూడా ఇదే భయంలోంచి అన్నాడని తెలిసి అన్నాను.

“అనుదినాహారము” దగ్గర చూపు మసకబారింది. “మౌసీ, మౌసీ” అని సిస్టర్ గట్టిగా కుదుపుతోంది. వేలికి పొడిచి చూస్తే షుగర్ దారుణంగా పడిపోయిందట. ఈ జ్వరంలో అలా పడిపోవచ్చని, సకాలంలో చూడకపోతే ప్రమాదమని డాక్టరు గారు తర్వాత మా ఆయనకు చెప్పారు. నరంలోకి గ్లూకోజు నెట్టారు. కాసేపటికి గోడ గోడలా నిలబడింది. ఆ పూట నాకు దొరికిన ఆహారం అదే. ఆ సిస్టర్ ఎవరి పిల్లో, ఆమె చేతులను దేవుడు దీవించాలి.

తెల్లారేసరికి పక్క మంచం ఖాళీ. ఆ అవ్వ ఏడుపు కారిడార్‌లో చాలాసేపు వినబడింది.

ఇంటికొచ్చాక అందరూ “దేవుడు నిన్ను కాపాడాడు” అంటారు. కాపాడాడు. నా ప్రతి ఊపిరికీ స్తోత్రం. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఆ పిల్ల గుర్తొస్తుంది. నన్ను పాపం ఒప్పుకోమన్న ప్రసంగీకుడు గారిని అడగాలనిపిస్తుంది, ఆ పిల్ల ఏ పాపం ఒప్పుకోలేదని? పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు వీడి కన్నవారూ కాదు అన్నాడు ప్రభువు. యోహాను తొమ్మిదో అధ్యాయం. ప్రసంగీకుడు గారు ఎన్ని కూడికల్లో ఆ వాక్యం చదివి ఉంటారో! జ్వరంలో ఉన్న తల్లితో, కూతురు వింటుండగా, ఆ మాట ఎలా అనగలిగారు? మా అమ్మాయి నెల తర్వాత అన్నం తింటూ ఉన్నట్టుండి, “అమ్మా, నిజంగా నువ్వేమైనా చేశావా?” అని అడిగింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వ్యర్థమైన మాటల సంగతి కూడా చెప్పాలి. మత్తయి ఆరో అధ్యాయంలో ఆ హెచ్చరిక చెప్పిన నోటితోనే, వెంటనే, “మీరీలాగు ప్రార్థనచేయుడి” అని ఈ ప్రార్థనే నేర్పాడు ప్రభువు. లూకాలో అయితే శిష్యుడే అడిగాడు, మాకు ప్రార్థన నేర్పమని. గెత్సేమనేలో మూడోసారి కూడా ‘ఆ మాటలే’ చెబుతూ ప్రార్థించాడని మత్తయి రాశాడు. సిలువ మీద ఆయన నోట వచ్చిన “నా దేవా, నా దేవా” అనే కేక ఇరవై రెండో కీర్తన మొదటి మాట. చిన్నప్పటినుంచి విన్న మాటలే ఆయనకు కూడా ఆ ఘడియలో నోటికొచ్చాయి. మనసు పెట్టి చెబితే నేర్చుకున్న మాట మన మాటే అవుతుంది. మనసు లేకపోతే సొంత మాటలతో గంటసేపు చెప్పినా అవి వ్యర్థమే.

ఇప్పుడు రోజూ రాత్రి నాన్నమ్మలా ఆగి ఆగి చెబుతాను. తండ్రీ అన్నాక కాసేపు ఊరికే కూర్చుంటాను. ఆహారం దగ్గర ఆ అవ్వను తలుచుకుంటాను, ఈ పూట ఆమె తిన్నదా అని. శోధన దగ్గర, ఈ భయం మళ్ళీ రానీయకు అంటాను. క్షమాపణ వరుసే కష్టం. ఆ ప్రార్థన నేర్పాక ప్రభువు మళ్ళీ విప్పి చెప్పింది ఆ ఒక్క వరుసనే. మీరు క్షమించకపోతే మీ తండ్రీ క్షమించడు అన్నాడు. ప్రైవేటు డాక్టరు గారిని క్షమించాను. వెళ్ళి, “జ్వరమొస్తే ముందు రక్తం చూడండి సార్” అని మొహం మీదే చెప్పాను, ఆయన తలూపారు, మనసు తేలికపడింది. ప్రసంగీకుడు గారి పేరు దగ్గర మాత్రం రోజూ గొంతు పట్టేస్తుంది. పేరు చెబుతాను, ఆగుతాను, సగం మనసుతోనే ముందుకు వెళ్తాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా చలిజ్వరం వస్తే మొదటి రోజే పరీక్ష చేయించుకోండి. ఆశా దగ్గర కిట్ ఉంటుంది, అడగండి. మందు పూర్తిగా వేసుకోండి, తగ్గిందని మధ్యలో ఆపొద్దు. తర్వాత కొన్ని వారాలు రక్తం చూపించుకోండి, ఆ ఆర్టిసునేట్ ఇంజెక్షన్ల తర్వాత కొందరికి రక్తం పడిపోతుందట. నాకు పడింది. రోగిని చూడటానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కారణాలు చెప్పకండి. పక్కన కూర్చుని పరలోక ప్రార్థన ఒక్కసారి నిదానంగా చెప్పండి. రోగి నోటికి రాని మాట మీ నోటి వెంట నడుస్తుంది.

సండే స్కూలు పిల్లలకు కూడా ఇప్పుడు పోటీ పెట్టి గడగడా చెప్పించడం లేదు. ఒక్కో వరుస తర్వాత ఆగి, తండ్రికి ఒక సంగతి చెప్పమంటున్నాను. “మా కోడి పోయింది” అని ఒకడు, “నాన్న తాగొచ్చాడు” అని ఒకతె.

జనవరి కూడికలకు ఆ ప్రసంగీకుడు గారే వస్తున్నారు. ఎప్పటిలా భోజనం మీ ఇంట్లోనేనా అని మా పాస్టర్ గారు అడిగారు. మా ఆయన నా మొహం చూశారు. మా ఇంట్లోనే అన్నాను. భోజనమయ్యాక ఆయన ఓ పావుగంట కూర్చుని నేను చెప్పేది వినాలి, మీరూ ఉండాలి అయ్యగారూ, అన్నాను. ఆ కోంధు పిల్ల సంగతి చెబుతాను. మా అమ్మాయి అడిగిన ప్రశ్న చెబుతాను. తర్వాత అందరం కలిసి పరలోక ప్రార్థన చేస్తాం. ఆ వరుస దగ్గర నా గొంతు పలుకుతుందో లేదో అప్పుడు చూడాలి.