సోమవారం కడుపు నొప్పి

మా బడిలో మూడో తరగతి పిల్లాడొకడికి ప్రతి సోమవారం కడుపు నొప్పి వచ్చేది. ప్రార్థన కాకముందే పొట్ట పట్టుకుని కూలబడేవాడు. "నాటకాలు టీచరమ్మా" అనేది వాళ్ల మామ్మ. నేనూ అలాగే అనుకుని రెండుసార్లు కసిరాను.

మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఉద్దానం ఊరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందాకా తినాలి కదా! తల్లీతండ్రీ హైదరాబాదు పనులకి, పిల్లలు మామ్మల దగ్గర. నా తరగతిలోనే అలాంటివాళ్లు ఐదుగురు.

పీహెచ్‌సీలో చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. మామ్మని కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. సంక్రాంతికొచ్చిన అమ్మానాన్నలు పిల్లాడు నిద్ర లేవకముందే వెళ్లిపోయారట. అప్పట్నుంచి రాత్రిళ్లు మామ్మ చీర కొంగు చేతికి చుట్టుకుంటేగాని పడుకోడు. తల్లి వీడియో కాల్ చేసేది ఆదివారం రాత్రి. నొప్పి సోమవారం.

14416కి ఫోన్ చేశాను. మనసు బాధలకి సలహా చెప్పే, 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నొప్పి నాటకం కాదు, బెంగ పిల్లల్లో ఇలా కూడా బయటపడుతుందన్నారు. చెప్పకుండా వెళ్లొద్దు, ఫోన్‌కి ఒక వేళ పెట్టుకోండి, "రేపొచ్చేస్తాం" లాంటి అబద్ధాలాడొద్దు అన్నారు. పక్క తడుపుతున్నా, ఆటలు మానేసినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమన్నారు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లొస్తే మామ్మకి ఒక రోజు కూలి పోతుంది. అదృష్టం, అంతదాకా రాలేదు.

తల్లికి ఫోన్ చేసి కాస్త గట్టిగానే అడిగాను. "చెబితే ఏడుస్తాడు, నాను రైలెక్కలేనండి" అంది. ఇంకేమంటాను? విశాఖ హాస్టల్లో మా వాడిని దింపి, వెనక్కి చూడకుండా బస్సెక్కినదాన్నే నేనూ.

బుధ, ఆదివారాలు రాత్రి ఏడున్నరకి ఫోన్ అని ఒప్పించాను. తరగతి గోడ మీద క్యాలెండర్లో, అమ్మానాన్నలు వచ్చే దసరాకి పిల్లాడే సున్నా చుట్టాడు. రోజుకొకటి కొట్టేస్తూ వచ్చాడు. మిగతా నలుగురూ తమ సున్నాలు కూడా చుట్టేశారు, ఇప్పుడందులో తిథి వెతుక్కోవాలంటే నా తరం కావట్లేదు.

దసరాకి వచ్చారు. వెళ్లేటప్పుడు వాణ్ని పలాస స్టేషన్‌దాకా ఆటోలో తీసుకెళ్లారు. ప్లాట్‌ఫాం మీద పొర్లి పొర్లి ఏడ్చాడట. సోమవారం కడుపు నొప్పి మళ్లీ వచ్చింది. కాకపోతే భోజనం బెల్లు కొట్టేసరికి ప్లేటు పట్టుకుని వరసలో అందరికంటే ముందున్నాడు.