బాపు పన్ను, చారు

"సారు పొయ్యి" అన్నడు బాపు. ఏ సారు బాపూ అని నేను. చెయ్యి గిన్నె దిక్కు చూపిస్తే గని అర్థం కాలె, చారు అంటున్నడని.

పొద్దున హన్మకొండల ముందటి పండ్లు రెండు తీపిచ్చిన. అప్పటిసంది మాటల్లకెల్లి ఊరికే గాలి పోతున్నది. నవ్వొద్దు అనుకుంటనే నవ్విన.

చిత్రమేందంటే, "చింతపండు ఎక్కువైంది" అని మాత్రం మంచిగనే అన్నడు! రెండిట్లనూ చ నే కదా?

కాదట. ఎమ్మే తెలుగు చదివే మా అక్క బిడ్డ చెప్పింది. చింతపండుల చ తాలవ్యం, నాలుక పైన అంగిట్ల తగులుతది. చారుల చ దంత్యం, పండ్ల దగ్గరనే పుడతది. అచ్చ తెలుగు మాటలల్ల ఇ, ఎ ముందు మొదటిది, అ, ఉ, ఒ ముందు రెండోది. పాత పుస్తకాలల్ల అయితే చ మీద తెలుగు ౨ అంకె లెక్క చిన్న గుర్తు పెట్టి వేరుగ రాసేటోళ్లట. ఇప్పుడు రాతల ఒక్కటే, నోట్ల రెండు.

ప, బ, మ లకు పండ్లతోని పనే లేదు, పెదవులు చాలు. ఓష్ఠ్యాలంటరు. ట, డ లకు నాలుక మడతపెట్టి పైకి కొట్టాలె, అవి మూర్ధన్యాలు. బడిల వర్గాలు బట్టీ పట్టినం గని నోట్ల వేలు పెట్టి చూసుకున్నది లేదు.

ఇదంతా చెప్పంగ బాపు నన్నే చూస్తున్నడు.

"మాటలు సాలు గని, ఆ సారు పొయ్యి, సల్లారుతున్నది."