అద్దం తగిలింది, సరే.. బండి దిగాలా వద్దా?

సాయంత్రం ఆరు దాటాక వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి నుంచి పోచమ్మ మైదాన్ వైపు పోయే రోడ్డు. ఎడమ పక్కన ఆటో ఆగి మనుషులను ఎక్కించుకుంటుంది. దాన్ని తప్పించడానికి కారు కొంచెం కుడికి వస్తుంది. అదే సందులోంచి బైకు దూరుతుంది. హ్యాండిల్ పోయి కారు అద్దానికి తగులుతుంది. అద్దం మడతపడుతుంది తప్ప పగలదు, చేత్తో తిప్పితే మళ్లీ తన జాగాకు వస్తుంది. కానీ కారాయన తలుపు తీసుకుని దిగుతాడు. "కండ్లు కనవడ్తలేవా?" "సైడు ఇయ్యకుండ అడ్డమొచ్చింది నువ్వు, నా కండ్ల ముచ్చట నీకెందుకు?" వెనక నుంచి బస్సు హారన్. ఆటో ఆయన ఒకరి దిక్కు, పండ్ల బండి ఆయన ఇంకొకరి దిక్కు. ఇంకో నిమిషానికి కాలర్లు పట్టుకోవడం, ఆపైన ఫోన్లలో వీడియోలు.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో జరిగే రోడ్డు లొల్లులు చాలామటుకు ఇదే వరసలో నడుస్తాయి. బండికి బండి తగలడంతో కొట్లాట మొదలుకాదు. ఎవరో ఒకరు దిగి ఎదుటి బండి దాకా నడిచి పోవడంతో మొదలవుతుంది. ఆ పది అడుగులు ఎందుకు పడతాయి, పడకుండా ఏం చేయాలి, పడ్డాక నష్టం ఎట్లా తగ్గించుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

ముందు ఎండ. 1986లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో పచ్చ లైటు పడ్డా కదలకుండా ఒక కారును నిలబెట్టి, వెనకవాళ్లు ఎంతసేపు హారన్ కొడతారో లెక్కపెట్టారు. ఎండ పెరిగిన కొద్దీ హారన్ పెరిగింది. అద్దాలు దించుకుని ఉన్న, అంటే ఏసీ లేని బండ్లవాళ్లలో అది ఇంకా ఎక్కువ. మన మే నెల మధ్యాహ్నం హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర హెల్మెట్ కింద చెమట కారుతున్న మనిషిని, ఏసీ కారులో కూర్చున్న మనిషిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ అందిన హారన్ ఒకటే, దెబ్బ ఒకటి కాదు. ఎండాకాలం కారు నడిపేవాళ్లు బైకు మీది మనిషికి అదనంగా ఒక ఐదు సెకన్లు ఇవ్వాలి.

రాత్రిపూట లైట్లు. కరీంనగర్ రోడ్డులో ఎల్కతుర్తి, హుజూరాబాద్ వైపు రాత్రి నడిపినవాళ్లకు తెలుసు, ఎదుటోడు డిప్పర్ కొట్టకపోతే కోపం ఎట్లా వస్తుందో. అయితే ఎదుటివాడు చాలాసార్లు డిప్పులోనే, అంటే వెలుగు కిందికి దించుకునే ఉంటాడు. హాలోజన్ బల్బు కోసం చేసిన డూమ్‌లో బయట కొన్న ఎల్‌ఈడీ బల్బు వేస్తే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, డిప్పులో ఉన్నా వెలుగు పైకి చిమ్ముతుంది. 60/55 వాట్ల హెచ్4 బల్బు తీసి 100/90 వేసినా అంతే. ఇంకో కారణం బరువు. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉంటే కారు ముందు భాగం లేస్తుంది, దానితోపాటు లైటూ లేస్తుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉండేది దీనికే. బరువు ఎక్కువైతే అంకె పెంచాలి, వెలుగు కిందికి దిగుతుంది. మీ లైటు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో బండి ఆపండి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద చాక్‌పీసుతో గీత గీయండి. డిప్పులో వెలుగు పై అంచు ఆ గీతకు ఒక 5 సెంటీమీటర్లు కింద పడాలి. పైన పడితే డూమ్ వెనక ఉండే స్క్రూ తిప్పి దించుకోవాలి. షెడ్డులో ఐదు నిమిషాల పని.

హారన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. అవసరం లేకుండా మోగిస్తే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000, తర్వాత 2,000 రూపాయల జరిమానా. ఎంజీఎం ముందు ఎంతమందికి పడుతుందో మీకే తెలుసు.

దారి ఎవరిది అన్నది ఇంకో తగాదా. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సర్కిల్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి, కొత్తగా దూరేవాడు ఆగాలి. చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డెక్కేవాడు ఆగాలి. ఘాట్‌లో, ఎత్తు మీద ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. మన దగ్గర నడిచే రూలు వేరే: ముందు టైరు ఎవరిది ముందుంటే దారి వాళ్లది. నిబంధన తెలుసుకోవాల్సింది ఎదుటివాడికి క్లాసు పీకడానికి కాదు, లొల్లి ఎక్కడ పుడుతుందో ముందే పసిగట్టడానికి. డివైడర్‌కు యూటర్న్ దూరమైన ప్రతిచోటా ఎదురు దారిలో బైకులు వస్తాయని లెక్కేసుకుని నడపండి. ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. ఆ మాట వాళ్లకు పోలీసులు చెప్పుకుంటారు.

ఊళ్ల మీదుగా పోయేటప్పుడు వడ్లు, మక్కలు ఆరబోసిన రోడ్డు. వానకాలం పంట అక్టోబర్, నవంబర్‌లో, యాసంగి పంట ఏప్రిల్, మేలో సగం రోడ్డును కల్లం చేస్తుంది. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు, కుప్ప ఎత్తినా అక్కడే ఉండిపోతాయి. బైకు టైరు వడ్ల మీదికి ఎక్కితే జారుతుంది, తొక్కించావని రైతు కోపం. రోడ్డు మీద ఆరబోయడం తప్పే, కానీ ఆ మాట అక్కడ నిలబడి వాదించడం దండగ. ఊరంతా రైతు దిక్కే ఉంటుంది, పైగా ఆ కుప్ప ఆయన ఆర్నెల్ల కష్టం. వేగం తగ్గించి "పొరపాటైంది బాపూ" అని కదిలిపోవడమే.

వెనక నుంచి మీద పడుతున్నట్టు వచ్చేవాడి సంగతి. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్ల దూరమంటే 33 మీటర్లు. వెనకవాడు ఐదు మీటర్లలో ఉన్నాడంటే మీ బ్రేకుకు వాడి చెయ్యి ఆడేలోపే గుద్దుతాడు. బుద్ధి చెబుదామని ఉత్తగా బ్రేకు కొట్టకండి. యాక్సిలేటర్ మెల్లగా వదిలి, ఎడమ ఇండికేటర్ వేసి, పోనివ్వండి. రోడ్డు మీద ఇంతకు మించి చవకైన పని లేదు.

ఇక అసలు సంగతి, దిగాలా వద్దా.

సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడే ముందు బండి వెనక టైర్లు నేలకు ఆనిన చోటు మీకు కనిపించేంత సందు వదలండి. ఆ సందు ఉంటే రివర్సు లేకుండానే పక్కకు తీసి బయటపడొచ్చు. అతికించి ఆపితే ఎదుటివాడు దిగి వచ్చినప్పుడు మీకు కదిలే దారి ఉండదు. మనిషి మీ వైపు నడిచి వస్తుంటే తలుపులు లాక్ చేయండి, ఇంజిన్ ఆపకండి, అద్దం రెండు వేళ్లంత దించండి. మాట వినిపిస్తుంది, చెయ్యి దూరదు. చేతులు స్టీరింగ్ మీద కనబడేట్టు ఉంచండి. ఫోన్ ఎత్తి మొహం మీద పెట్టి వీడియో తీయడం మొదలుపెడితే సగం చల్లారినవాడు కూడా మళ్లీ లేస్తాడు. తీయాలంటే పక్క సీట్లోవాళ్లు కింది నుంచి తీయాలి.

బైకు మీద ఉంటే అద్దం లేదు, లాక్ లేదు. హెల్మెట్ తీయకండి, అన్నిటికన్నా అదే ముఖ్యం. బండి ఆపితే తాళం తీసి జేబులో వేసుకోండి. మన దగ్గర మొదట జరిగేది ఎదుటివాడి తాళం గుంజుకోవడమే.

మాట విషయంలో రెండే సూచనలు. మొదటి మాట "అన్నా, దెబ్బ తాకిందా?" అయితే చాలాసార్లు కథ అక్కడే ఆగుతుంది. "నేనెవరో ఎరికేనా?", "లైసెన్సు ఉన్నదా నీకు?" అన్నవి ఎంత నిజమైనా పనికిరావు. రెండోది, ఎదుటివాడు పెద్దమనిషిని పిలుస్తానంటే పిలవనివ్వండి. మీరూ నలుగురిని పిలిచారంటే బండి గీత కాస్తా రెండు వాడల పంచాయతీ అవుతుంది. గుంపు చేరితే పెద్ద బండిదే తప్పు, అది ముందే రాసి పెట్టి ఉంటుంది. కారు, బైకు అయితే కారుది. లారీ, కారు అయితే లారీది. దాని మీద వాదించి గెలిచినవాళ్లు లేరు.

వెంటపడితే ఇంటికి పోకండి, మీ ఇల్లు వాళ్లకు చూపినట్టవుతుంది. హన్మకొండ వైపు ఉంటే సుబేదారి, ఎంజీఎం వైపు ఉంటే మట్టెవాడ, హైదరాబాద్ రోడ్డులో మడికొండ, కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి, ఎల్కతుర్తి పోలీస్ స్టేషన్లున్నాయి. అంత దూరం లేకపోతే జనం, కెమెరాలు ఉన్న పెట్రోల్ బంకు. 112కు గానీ 100కు గానీ చేసి మొదట మీరున్న చోటు, పోతున్న దిక్కు, ఆ తర్వాత బండి నంబరు, రంగు చెప్పండి. తిట్టిన తిట్లు తర్వాత చెప్పుకోవచ్చు. జాతీయ రహదారి మీదయితే పక్కన కిలోమీటరు రాయి చూసి ఆ అంకె చెప్పండి. హైవే సాయం నంబరు 1033.

ఇక్కడ చాలామందికి ఉన్న భయం ఒకటి: దెబ్బ తగిలాక ఆగకుండా పోతే హిట్ అండ్ రన్ కేసవుతుందేమోనని. ఎవరికైనా గాయమైతే ఆగి ఆస్పత్రికి చేర్చాల్సింది డ్రైవరే, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అదే సెక్షన్ గుంపు కోపంతో మీద పడే పరిస్థితికి మినహాయింపు కూడా ఇస్తుంది. కొట్టడానికి వస్తున్నారంటే నేరుగా స్టేషన్‌కు పోవచ్చు, 24 గంటలు దాటకుండా చెప్పాలి. పోతూ పోతూ 108కి ఫోన్ చేయండి. ఆ కాల్ రికార్డే మీరు పారిపోలేదనడానికి సాక్ష్యం.

గాయం లేదు, బంపర్ మాత్రమే పోయింది అనుకుందాం. బండ్లు పక్కకు తీయకముందే నాలుగు ఫొటోలు: రెండు నంబర్ ప్లేట్లు ఒకే ఫ్రేములో, తగిలిన చోటు దగ్గరగా, రోడ్డు మీద బండ్లు నిలబడ్డ తీరు, చుట్టూ కనిపించే షాపు బోర్డు. తర్వాత లెక్క. సొంత కారుకు 1500 సీసీ దాకా ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 రూపాయలు మీవే, అంతకన్నా పెద్ద ఇంజిన్ కారుకు 2,000. క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చే బోనస్ 20 శాతంతో మొదలై ఐదో ఏటికి 50 శాతం దాకా పోతుంది. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత బండి నష్టం కోసం కట్టేది, 8,000 ఉండి 50 శాతం బోనస్ ఉందంటే ఏడాదికి 4,000 మిగులుతోంది. 4,000 రూపాయల బంపర్ పనికి క్లెయిమ్ వేస్తే చేతికొచ్చేది మహా అయితే 3,000, వచ్చే ఏడాది పోయేది 4,000. చిన్న గీతకు సొంతంగా చేయించుకోవడమే లాభం.

అక్కడికక్కడే మాట్లాడుకుంటే కాగితం మీద తేదీ, సమయం, చోటు, బండి నంబర్లు, ఇచ్చిన మొత్తం, ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ క్లెయిమూ లేదన్న మాట, ఇద్దరి సంతకాలు ఉండాలి. డబ్బు ఫోన్ పేలోనో గూగుల్ పేలోనో పంపితే ఆధారం ఉంటుంది. ఒక జాగ్రత్త: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దని, డబ్బు ఇస్తానని మాట ఇవ్వద్దని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ వాడుకునేంత నష్టమైతే ఏదీ రాసివ్వకుండా కంపెనీకి ఫోన్ చేయండి. గాయమున్న చోట ఈ కాగితం పని చేయదు, ఆస్పత్రి తర్వాతే ఏ మాటైనా.

చెయ్యి చేసుకున్నారు. అప్పుడు మొదట ఆస్పత్రి. ఎంజీఎంలో చూపించుకుంటే ఎంఎల్‌సీ రాయించండి, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రికార్డు. అది లేకుండా తర్వాత గాయం నిరూపించడం కష్టం. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. ఇక్కడొక కిటుకు చాలామందికి తెలియదు. ఉత్త చెంపదెబ్బ, అంటే భారతీయ న్యాయ సంహిత 115(2), పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని నేరం. అడ్డగించడం, 126(2), అట్లా కాదు. రెండూ కలిసి ఉంటే మొత్తం కేసును పోలీసులే దర్యాప్తు చేయొచ్చు. అందుకే బండి అడ్డం పెట్టి కదలనివ్వలేదా, తాళం గుంజుకున్నారా, ఎంతసేపు ఆపారు అన్నది జరిగింది జరిగినట్టు తప్పక రాయాలి. జరగనిది మాత్రం కలపొద్దు, కెమెరాలో తేలిపోతుంది.

కొట్టే చెయ్యికీ ఒక మాట. పన్ను విరిగినా ఎముక చిట్లినా అది తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ల దాకా శిక్ష. పటియాలాలో 1988 డిసెంబర్ 27న రోడ్డు మీద బండి పెట్టిన దగ్గర పుట్టిన తగాదాలో 65 ఏళ్ల మనిషి చనిపోయాడు. ఆ కేసులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూకు సుప్రీంకోర్టు 2018లో 1,000 రూపాయల జరిమానాతో సరిపెట్టి, పునఃపరిశీలనలో 2022 మే 19న ఏడాది కఠిన కారాగార శిక్ష వేసింది. హన్మకొండలో కోచింగ్ తీసుకునే పిల్లలకు ఇంకా దగ్గరి లెక్క ఉంది: ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో మీ మీద కేసులున్నాయా అన్న కాలమ్ ఉంటుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డా ఆ కాలమ్‌లో అడిగింది అడిగినట్టు రాయాల్సిందే.

డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) కొనేటట్టయితే బ్యాటరీది కాకుండా కెపాసిటర్‌తో వచ్చేది తీసుకోండి. మన ఎండలో నిలబెట్టిన కారులో లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. మెమరీ కార్డు మామూలుది కాదు, మాటిమాటికీ రికార్డయినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం, 64 జీబీ అయినా ఉండాలి. లొల్లి జరిగిన వెంటనే ఫైల్ లాక్ బటన్ నొక్కాలి, లేకపోతే తిరిగి తిరిగి రికార్డయ్యే పద్ధతిలో కొన్ని గంటల్లో అది చెరిగిపోతుంది. తేదీ, సమయం సరిగ్గా పెట్టి ఉందో నెలకోసారి చూడండి. వీడియో కోర్టుకు పోవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, కార్డులోని అసలు ఫైల్ అట్లాగే ఉంచాలి. వాట్సాప్‌లో పంపి అసలుది తుడిచేస్తే మిగిలేది నాణ్యత పోయిన నకలే.